ఒకే పాపకి ఐదుగురు కోఆర్డినేటర్లు: ఎవరి పని ఏది, బిల్లు ఎవరు వేయాలి?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) నుంచి ఇంటికి తెచ్చుకున్నాక అమెరికాలోని తల్లిదండ్రులకి ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఒకావిడ "నేను పాప కేర్ మేనేజర్ని" అంటుంది. మర్నాడు ఇంకొకరు "సర్వీస్ కోఆర్డినేటర్ని" అంటారు. నాన్న ఆఫీసు ఇన్సూరెన్స్ తరఫున ఒక నర్సు "కేస్ మేనేజర్ని" అంటూ పలకరిస్తుంది. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు: పాప ఎన్ని వారాలకి పుట్టింది, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, హాస్పిటల్‌కి వెళ్లడానికి కారుందా. చివర్లో "ఏ అవసరమొచ్చినా నాకు ఫోన్ చేయండి" అని అందరూ చెబుతారు. రేపు సక్షన్ మిషన్ ట్యూబులు అయిపోవస్తే వీళ్లలో ఎవరికి చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అవతలి వైపు ఆ కోఆర్డినేటర్లు పనిచేసే సంస్థల టెన్షన్ వేరే. ఈ పాప పేరు మీద ఇంకో సంస్థ కూడా కేస్ మేనేజ్‌మెంట్ బిల్లు వేస్తోందా? వేస్తే మన క్లెయిమ్ నిలుస్తుందా? ఇప్పుడు చెల్లించి రెండేళ్ల తర్వాత ఆడిట్‌లో వెనక్కి ఇమ్మంటారా? 2025 జులై 4న సంతకమైన ఫెడరల్ చట్టం మెడికెయిడ్‌కి (ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే ఆరోగ్య బీమాకి) వచ్చే డబ్బుని రాబోయే ఏళ్లలో బాగా తగ్గిస్తుంది కాబట్టి రాష్ట్రాలు ప్రతి ఖర్చునీ తరచి చూస్తున్నాయి. "ఒకే పనికి రెండుసార్లు చెల్లిస్తున్నామా" అనే ప్రశ్న ఇప్పుడు ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఇందులో రెండు విషయాలు కలగాపులగం అవుతున్నాయి. ఒక బిడ్డ చుట్టూ నలుగురు కోఆర్డినేటర్లు ఉండటం ఒకటి. ఒకే పనికి రెండు చోట్ల డబ్బు తీసుకోవడం ఇంకొకటి. మొదటిదాన్ని చట్టం ఒప్పుకుంటుంది, రెండోదాన్ని ఒప్పుకోదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియక కుటుంబాలూ ఇబ్బంది పడుతున్నాయి, నిజాయితీగా పనిచేసే ఏజెన్సీలూ ఇబ్బంది పడుతున్నాయి.

రాష్ట్రాన్ని బట్టి పేర్లూ పద్ధతులూ మారతాయి. అందుకని ఈ వ్యాసంలో నార్త్ కరోలైనాని తీసుకుంటాను. కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లకి ఈ పేర్లు ఎదురవుతూనే ఉంటాయి.

ఫోన్ చేసే వీళ్లంతా ఎవరు

ఒక కుటుంబాన్ని ఊహిద్దాం. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వీసా మీద ఉన్నారు, ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. పాప 26 వారాలకే పుట్టింది. ఊపిరి తీసుకోవడానికి గొంతులో ట్రేకియాస్టమీ గొట్టం పెట్టారు. నెలల తరబడి ఎన్‌ఐసీయూలో ఉండి ఇంటికి వచ్చింది. అక్కడే పుట్టింది కాబట్టి పాప అమెరికా పౌరురాలు.

మొదటి మనిషి హాస్పిటల్‌లో ఇలాంటి పిల్లల్ని చూసే క్లినిక్ నర్సు. నలుగురైదుగురు స్పెషలిస్టుల అపాయింట్‌మెంట్లు ఒక్క రోజుకే సర్దడం, ప్రిస్క్రిప్షన్లు ఒకదానితో ఒకటి పొంతన కుదిరేలా చూడటం ఆమె పని.

రెండో మనిషి ఆఫీసు ఇన్సూరెన్స్ కంపెనీ నర్సు. ఆమె జీతం కంపెనీయే ఇస్తుంది. పాప పేరు మీద విడిగా క్లెయిమ్ ఏమీ పుట్టదు.

మూడో మనిషి ఎర్లీ ఇంటర్వెన్షన్ సర్వీస్ కోఆర్డినేటర్. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి ఐడియా అనే ఫెడరల్ ప్రత్యేక విద్యా చట్టంలోని పార్ట్ సి కింద సేవలు అందుతాయి. నార్త్ కరోలైనాలో ఆ పని చేసేవి సీడీఎస్‌ఏలు, అంటే చిల్డ్రన్స్ డెవలప్‌మెంటల్ సర్వీసెస్ ఏజెన్సీలు. రాష్ట్రమంతా కలిపి 16 ఉన్నాయి. పాప గురించి కబురు అందిన 45 రోజుల్లోపు పరీక్షలు చేసి, కుటుంబంతో కూర్చుని ఐఎఫ్‌ఎస్‌పీ అనే ప్రణాళిక రాసే సమావేశం పెట్టాలి. స్పీచ్ థెరపీ, ఫిజికల్ థెరపీ, తినడం నేర్పించడం లాంటివన్నీ అందులోకి వస్తాయి.

నాలుగో మనిషి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి. సీఎంఏఆర్‌సీ అనే కార్యక్రమం కింద అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎన్‌ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లని, ప్రత్యేక వైద్య అవసరాలు ఉన్నవాళ్లని, ఇంట్లో తీవ్రమైన ఒత్తిడి మధ్య పెరుగుతున్నవాళ్లని చూస్తారు. దీనికి పాత పేరు సీసీ4సీ, ఇంకా చాలామంది అలాగే అంటారు.

అయిదో మనిషి క్యాప్-సి కేస్ మేనేజర్. ఇంట్లోనే హాస్పిటల్ స్థాయి సంరక్షణ అవసరమైన పిల్లల కోసం ఉన్న మెడికెయిడ్ కార్యక్రమం ఇది. అర్హత చూసేటప్పుడు తల్లిదండ్రుల జీతం లెక్కలోకి తీసుకోరు, పాప పేరున ఉన్న ఆదాయమే చూస్తారు. అందుకే మంచి జీతం ఉన్న ఇంట్లో పుట్టిన పాపకి కూడా మెడికెయిడ్ రెండో ఇన్సూరెన్స్‌గా రావచ్చు. "మెడికెయిడ్ మనలాంటి వాళ్లకి కాదు" అనుకుని అడగకుండా ఊరుకునే తెలుగు తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం తప్పకుండా తెలుసుకోవాలి. ఇంటికొచ్చే నర్సింగ్ ఖర్చు ఆఫీసు ఇన్సూరెన్స్ ఒక్కదానితో నెట్టుకురావడం చాలా కష్టం.

క్యాప్-సి లేని మామూలు మెడికెయిడ్ పిల్లలైతే ఎక్కువమంది 2021 జులై 1న మొదలైన మేనేజ్డ్ కేర్ ప్లాన్లలో, అంటే రాష్ట్రం తరఫున మెడికెయిడ్ నడిపే ఇన్సూరెన్స్ ప్లాన్లలో, ఉంటారు. అక్కడ ప్లాన్ తరఫునో, పిల్లల డాక్టర్ క్లినిక్ తరఫునో ఇంకో కేర్ మేనేజర్ ఉంటారు.

డబ్బు చెల్లించే 'కేస్ మేనేజ్‌మెంట్' అంటే ఏ పని

ఫెడరల్ మెడికెయిడ్ నియమాల్లో కేస్ మేనేజ్‌మెంట్‌కి నాలుగు భాగాలే ఉన్నాయి. బిడ్డకి ఏం అవసరమో అంచనా వేయడం. దాన్ని బట్టి ప్రణాళిక రాయడం. ఆ సేవలు దొరికేలా తగిన చోటికి పంపించి, అపాయింట్‌మెంట్లు కుదిర్చి పెట్టడం. అనుకున్నది జరుగుతోందా లేదా అని గమనిస్తూ ఉండటం. ఫలానా రకం వాళ్లకి అని ఎంచి రాష్ట్రం ఇచ్చే దాన్ని టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్ అంటారు. సర్వీస్ కోఆర్డినేటర్ల బిల్లులు చాలా రాష్ట్రాల్లో ఈ తలుపు గుండానే వెళతాయి. దీనికి వాడే కోడ్ టి1017, ఒక్కో యూనిట్ 15 నిమిషాలు. నెలకింత అని లెక్కగట్టే చోట టి2023 వాడతారు.

ఈ నాలుగింటి బయట ఉన్న పని ఎంత మంచిదైనా కేస్ మేనేజ్‌మెంట్‌గా బిల్లు వేయకూడదు. క్లినిక్‌కి వెళ్లడానికి బండి మాట్లాడి పెడితే అది కేస్ మేనేజ్‌మెంట్. కోఆర్డినేటరే తన కారులో తల్లినీ బిడ్డనీ తీసుకెళితే ఆ ప్రయాణ సమయం కేస్ మేనేజ్‌మెంట్ కిందికి రాదు. థెరపిస్టే కోఆర్డినేటర్‌గా కూడా ఉన్న చోట గంట విజిట్‌లో 40 నిమిషాలు పాపతో వ్యాయామాలు చేయించి, 20 నిమిషాలు పరికరాల కంపెనీతో మాట్లాడితే, ఆ 40 థెరపీ కింద, ఈ 20 కేస్ మేనేజ్‌మెంట్ కింద విడివిడిగా రాయాలి. గంట మొత్తాన్ని రెండు చోట్లా చూపిస్తే అది డబుల్ బిల్లింగే.

మన ఊళ్లలో ఆశా కార్యకర్తకి ఇంటికి వెళ్లి బిడ్డని చూసినందుకు విజిట్‌కింత అని ప్రోత్సాహకం ఇస్తారు, అంగన్‌వాడీ టీచర్‌కి నెలకి గౌరవ వేతనం ఇస్తారు. అక్కడా బరువు తూచేది ఇద్దరు ముగ్గురు కావచ్చు. కానీ ఫోన్‌లో గడిపిన నిమిషాలని యూనిట్లుగా విడగొట్టి, ఒక్కో యూనిట్‌కి డబ్బు అడగడం అమెరికా పద్ధతి. గొడవంతా ఆ నిమిషాల దగ్గరే మొదలవుతుంది.

1986లో పుట్టిన రెండు చట్టాలు

ఈ అతివ్యాప్తి ఎవరో పొరపాటున చేసింది కాదు, చట్టాల్లోనే ఉంది. రాష్ట్రాలు టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్‌కి మెడికెయిడ్ డబ్బు వాడుకోవచ్చని చెప్పిన చట్టం 1986 ఏప్రిల్‌లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, అదే కాంగ్రెస్, పసిపిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమానికి పునాది వేసింది. ఒకటి ఆరోగ్య శాఖ చూసుకునే చట్టం, ఇంకొకటి విద్యా శాఖ చూసుకునేది. ఆరు నెలల తేడాలో పుట్టిన ఈ రెండింటి మధ్యా డబ్బు సంబంధం ఏమిటన్నది అప్పుడు స్పష్టంగా లేదు. 1988లో కాంగ్రెస్ మళ్లీ కలగజేసుకుని, విద్యా చట్టం కింద పిల్లల ప్రణాళికలో ఉన్న సేవ అనే కారణం చూపి మెడికెయిడ్ చెల్లింపు ఆపకూడదని చెప్పింది.

పార్ట్ సి నియమాలు ఒక మాట గట్టిగా చెబుతాయి: ప్రతి కుటుంబానికీ ఒకే ఒక్క సర్వీస్ కోఆర్డినేటర్ ఉండాలి, ఏజెన్సీల హద్దులు దాటి అన్ని సేవలనీ ఆ మనిషే కలిపి నడపాలి, కుటుంబం ఏది అడగాలన్నా ఆ ఒక్కరినే అడగగలగాలి. అదే నియమంలో ఇంకో మాట కూడా ఉంది. దీన్ని మనం సర్వీస్ కోఆర్డినేషన్ అని పిలిచినంత మాత్రాన మెడికెయిడ్ దీన్ని కేస్ మేనేజ్‌మెంట్‌గా లెక్కగట్టడానికి అడ్డేమీ లేదు అని.

మేనేజ్డ్ కేర్ ప్లాన్లకి ఉన్న ఫెడరల్ నియమం ఏమంటుందంటే, ప్లాన్‌లో చేరిన ప్రతి ఒక్కరికీ సేవలని సమన్వయం చేసే బాధ్యత ప్రధానంగా ఎవరిదో నిర్ణయించి చెప్పాలి అని. పార్ట్ సి నియమం, ఈ నియమం రెండూ "బాధ్యత ఒక్కరికే" అనే చెప్పాయి. ఆ ఒక్కరు ఎవరో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

ముందు ఎవరు కట్టాలి

మామూలుగా మెడికెయిడ్ అందరి తర్వాత కట్టేది. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటే ముందు అది కట్టాలి, మిగిలింది మెడికెయిడ్ చూసుకుంటుంది. పార్ట్ సి దగ్గర చివరి స్థానం మారుతుంది. పార్ట్ సి కింద వచ్చే ఫెడరల్ నిధి తనని తాను ఆఖరి చెల్లింపుదారుగా చెప్పుకుంది. కాబట్టి వరుస ఇలా ఉంటుంది: ఆఫీసు ఇన్సూరెన్స్, ఆ తర్వాత మెడికెయిడ్, ఎవరూ కట్టనిది మిగిలితే పార్ట్ సి డబ్బు.

ఇక్కడ కుటుంబానికి రెండు రక్షణలున్నాయి. పాపని పరీక్షించడం, ప్రణాళిక రాయడం, సర్వీస్ కోఆర్డినేషన్: ఈ మూడింటికీ తల్లిదండ్రుల నుంచి పైసా తీసుకోకూడదు. థెరపీల్లాంటి మిగతా సేవలకి రాష్ట్రం ఆదాయాన్ని బట్టి ఫీజు పెట్టుకోవచ్చు, నార్త్ కరోలైనాలో అలాగే ఉంది. రెండోది, ఆఫీసు ఇన్సూరెన్స్‌కి బిల్లు పంపాలంటే కొన్ని మినహాయింపులు తప్ప తల్లిదండ్రుల సంతకం కావాలి. జనవరిలో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) మళ్లీ మొదటి నుంచి మొదలయ్యే ప్లాన్ ఉన్నవాళ్లకి ఈ సంతకం చిన్న విషయం కాదు. ఫారాల కట్టలో పదకొండో కాగితంగా వచ్చిన దాని మీద చదవకుండా సంతకం పెడితే, రెండు నెలల తర్వాత థెరపీకి వచ్చిన ఈఓబీ (ఇన్సూరెన్స్ ఎంత కట్టింది, మన వాటా ఎంత అని చెప్పే కాగితం) చూసి గుండె గుభేలుమంటుంది.

ఒక వారం, ఇద్దరు కోఆర్డినేటర్లు: లెక్క వేసి చూద్దాం

పైన చెప్పిన పాపకి ఇప్పుడు ఏడాదిన్నర. సీడీఎస్‌ఏ కోఆర్డినేటరూ, క్యాప్-సి కేస్ మేనేజరూ ఇద్దరూ ఉన్నారు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇద్దరూ 15 నిమిషాల యూనిట్లలోనే బిల్లు వేస్తారనీ, 8 నిమిషాలు నిండితే ఒక యూనిట్‌గా లెక్కపెడతారనీ అనుకుందాం. చాలాచోట్ల వాడే పద్ధతి అదే.

సోమవారం సీడీఎస్‌ఏ కోఆర్డినేటర్ ఇంటికి వచ్చింది. ఆరు నెలలకోసారి జరగాల్సిన ఐఎఫ్‌ఎస్‌పీ సమీక్ష. 45 నిమిషాలు, 3 యూనిట్లు. అదే సమయంలో క్యాప్-సి కేస్ మేనేజర్ ఫోన్‌లో కలిసి, రాత్రి నర్సు గంటలు ఎన్ని కావాలో మాట్లాడింది. తేదీ ఒకటే, సమయం ఒకటే, ఇల్లు ఒకటే. ఇద్దరూ బిల్లు వేయవచ్చా? ఒక వాదన ప్రకారం వేయవచ్చు. ఒకరు ఎదుగుదల ప్రణాళిక సమీక్షించారు, ఇంకొకరు నర్సింగ్ అవసరం అంచనా వేశారు, రెండు వేర్వేరు పనులు. రెండో వాదన ప్రకారం ఒకే సమావేశానికి మెడికెయిడ్ రెండుసార్లు చెల్లించినట్టే. ఇక్కడ తీర్పు రాష్ట్రం రాసుకున్న పాలసీని బట్టి ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరి నోట్స్‌లో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు నోట్స్‌లోనూ "సమావేశంలో పాల్గొన్నాను, కుటుంబ అవసరాలు చర్చించాం" అని ఒకే వాక్యం ఉంటే ఆడిటర్‌కి రెండు పనులు జరిగినట్టు కనిపించదు.

మంగళవారం తల్లి సక్షన్ మిషన్ ట్యూబులు రాలేదని ఇద్దరికీ చెప్పింది. పాపం ఆవిడ తప్పేముంది, ఎవరు ముందు ఫోన్ ఎత్తితే వాళ్లు చూస్తారనుకుంది. క్యాప్-సి కేస్ మేనేజర్ కంపెనీకి ఫోన్ చేసి 20 నిమిషాలు గడిపింది, ఒక యూనిట్. సీడీఎస్‌ఏ కోఆర్డినేటర్ కూడా అదే కంపెనీకి చేసి 15 నిమిషాలు గడిపింది, ఇంకో యూనిట్. ఇది అచ్చమైన డూప్లికేషన్. పని ఒకటే, లక్ష్యం ఒకటే, ఫలితం ఒకటే. ఎవరూ మోసం చేయాలని చేయలేదు. ఇద్దరూ మనసు పెట్టి పనిచేశారు. అయినా రెండో యూనిట్‌కి సమర్థన దొరకదు.

బుధవారం విషయం తెలిసి ఇద్దరూ 10 నిమిషాలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఇకనుంచి పరికరాల సంగతి, నర్సింగ్ సంగతి క్యాప్-సి ఆవిడ చూస్తుంది, థెరపీలూ ప్రీస్కూలూ సీడీఎస్‌ఏ ఆవిడ చూస్తుంది అని పంచుకున్నారు. వారం మొత్తంలో పాపకి ఎక్కువ మేలు చేసిన పది నిమిషాలు ఇవే. బిల్లు దగ్గర అన్నిటికంటే ఇబ్బంది పెట్టేవీ ఇవే. ఇద్దరూ వేస్తే డూప్లికేట్ అంటారేమోనని భయం. అందుకని చాలాసార్లు ఒకరు వేసి ఒకరు మానేస్తారు, లేదా ఇద్దరూ మానేస్తారు. నెలకి ఇన్ని యూనిట్లు తేవాలని టార్గెట్ పెట్టిన ఏజెన్సీలో, డబ్బు రాని పది నిమిషాలు ఎప్పుడూ రేపటికి వాయిదా పడతాయి.

ఈ భయానికి చట్టంలో సమాధానం కొంత ఉంది. ఫెడరల్ నియమం కేస్ రికార్డులో ఏమేం ఉండాలో చెబుతూ, తేదీ, ఎవరు చేశారు, ఏం చేశారు, ఎన్ని యూనిట్లు అనే వాటితో పాటు "ఇతర కేస్ మేనేజర్లతో సమన్వయం అవసరమా, చేశారా" అన్నది కూడా రాయాలంటుంది. ఒక బిడ్డకి ఒకరి కంటే ఎక్కువమంది ఉంటారని నియమం రాసినవాళ్లకి తెలుసు. వాళ్లు మాట్లాడుకోవాలని కూడా కోరుకున్నారు. ఆ కోరిక రాష్ట్రాల బిల్లింగ్ మాన్యువల్స్‌లోకి వచ్చేసరికి చాలాచోట్ల సన్నగిల్లింది.

ఇంకో సంగతి. క్లెయిమ్ చూసే కంప్యూటర్‌కి సంభాషణ కనపడదు. కోడ్, తేదీ, యూనిట్లు, పాప నంబర్ కనపడతాయి. అందుకే సోమవారం నాటి న్యాయమైన క్లెయిమ్ డినై కావచ్చు, మంగళవారం నాటి డూప్లికేట్ ఏ అడ్డూ లేకుండా పాస్ కావచ్చు.

నెలవారీ చెల్లింపులో డూప్లికేషన్ దాక్కుంటుంది

యూనిట్ల దగ్గర కనీసం లెక్క బయటికి కనిపిస్తుంది. మేనేజ్డ్ కేర్‌లో ఒక్కో పిల్లకి నెలకింత అని రాష్ట్రం ప్లాన్‌కి ఇస్తుంది. ఆ మొత్తంలో కేర్ మేనేజ్‌మెంట్ ఖర్చూ కలిసి ఉంటుంది. సీఎంఏఆర్‌సీకి కూడా డబ్బు నెలకి, తలకింత పద్ధతిలో వెళుతుంది. అదే పిల్లకి సీడీఎస్‌ఏ విడిగా యూనిట్ల బిల్లు వేస్తే, రాష్ట్రం ఒకే పనికి రెండు జేబుల్లోంచి తీసి ఇస్తోందా అనే ప్రశ్న వస్తుంది. దాన్ని ఏ ఒక్క క్లెయిమ్ చూసీ తేల్చలేం.

రాష్ట్రాలు దీన్ని మూడు నాలుగు రకాలుగా పరిష్కరించుకుంటాయి. ఒకటి, ఫలానా సేవని ప్లాన్ల చేతికి ఇవ్వకుండా బయటే ఉంచడం. నార్త్ కరోలైనా సీడీఎస్‌ఏ సేవల విషయంలో అలా చేసింది. వాటి బిల్లు మేనేజ్డ్ కేర్ ప్లాన్‌కి కాకుండా నేరుగా రాష్ట్ర మెడికెయిడ్‌కి వెళుతుంది. ఇంకొకటి, ఫలానా కార్యక్రమంలో ఉంటే ఫలానాది ఉండకూడదని జాబితా రాయడం. 2022 డిసెంబరు 1న ఆ రాష్ట్రంలో మొదలైన టైలర్డ్ కేర్ మేనేజ్‌మెంట్ అనే ఇంకో మెడికెయిడ్ కార్యక్రమానికి అలాంటి జాబితా ఉంది. మరో పద్ధతి, ఇద్దరూ ఉండొచ్చు కానీ ఎవరు లీడో రాసి పెట్టుకోవాలనడం. జాబితా పెట్టడం ఆఫీసుకి తేలిక. కానీ జాబితా మారిన రోజున కుటుంబం ఏడాదిగా అలవాటైన మనిషిని కోల్పోవచ్చు. లీడ్ పద్ధతి కుటుంబానికి మంచిదే, కానీ నమ్మకంగా రాసుకోకపోతే ఆడిట్‌లో నిలవదు. నన్నడిగితే లీడ్ పద్ధతే మేలు. కష్టమైన భాగాన్ని తల్లి నెత్తిన కాకుండా ఆఫీసుల నెత్తిన పెడుతుంది కాబట్టి.

డబ్బు వాటా సంగతి కూడా ఒకటుంది. మెడికెయిడ్ ఆఫీసు నిర్వహణ ఖర్చుగా చూపిస్తే ఫెడరల్ ప్రభుత్వం మామూలుగా సగం భరిస్తుంది. వైద్య సేవగా, అంటే టార్గెటెడ్ కేస్ మేనేజ్‌మెంట్‌గా చూపిస్తే రాష్ట్రాన్ని బట్టి ఎక్కువ భరిస్తుంది, నార్త్ కరోలైనాకి అది సుమారు 65 శాతం. ఒకే పనికి రెండు పేర్లు పెట్టగలిగినప్పుడు ఏ పేరు పెట్టాలన్నది రాష్ట్ర బడ్జెట్‌కి పెద్ద విషయమే. ఫెడరల్ ఆఫీసు అనుమానంగా చూడటానికీ అదే కారణం.

"ఒక్కరు చాలరా?" అని అడిగిన 2007

ఈ చిక్కంతా ఒక్క దెబ్బతో తేల్చేయాలని ఫెడరల్ ప్రభుత్వం ఒకసారి ప్రయత్నించింది. 2007 డిసెంబరులో తెచ్చిన నియమంలో, ఒక మనిషికి సమగ్ర కేస్ మేనేజ్‌మెంట్ ఒక్క కేస్ మేనేజర్ ద్వారానే అందాలని రాసింది. యూనిట్ 15 నిమిషాలకి మించకూడదనీ చెప్పింది. వాళ్ల వాదనలో బలం ఉంది. ఒక్కరే ఉంటే బాధ్యత తెలుస్తుంది, కుటుంబం ఒకే కథని అయిదుసార్లు చెప్పక్కర్లేదు, డబుల్ బిల్లింగ్‌కి చోటే ఉండదు.

రాష్ట్రాలూ, పిల్లల తరఫున మాట్లాడే సంస్థలూ గట్టిగా వ్యతిరేకించాయి. ట్రేకియాస్టమీ గొట్టం గురించి, వెంటిలేటర్ గురించి తెలిసిన మనిషికి ప్రీస్కూల్ ప్రత్యేక విద్య నియమాలు తెలియాలని ఏముంది? పల్లెటూళ్లలో రెండూ తెలిసినవాళ్లు దొరుకుతారా? పార్ట్ సి చట్టం తప్పనిసరి చేసిన కోఆర్డినేటర్‌ని మెడికెయిడ్ నియమం ఎలా తీసేస్తుంది? 2008లో కాంగ్రెస్ ఆ నియమాన్ని అమలు చేయకుండా తాత్కాలికంగా ఆపింది. 2009 జూన్‌లో ప్రభుత్వమే ఒక్క కేస్ మేనేజర్ షరతుని, ఇంకొన్నిటిని వెనక్కి తీసుకుంది.

అప్పుడు మిగిలినవే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒకే పనికి రెండు చెల్లింపులు కూడదన్న నిషేధం ఉంది. కుటుంబానికి ఎంచుకునే హక్కు ఉంది. కేస్ మేనేజ్‌మెంట్ వద్దన్నంత మాత్రాన మిగతా మెడికెయిడ్ సేవలు ఆపకూడదన్న రక్షణ ఉంది. ఎంతమంది ఉండాలన్న సంఖ్య మాత్రం లేదు.

అదే ప్రశ్న అయిదుసార్లు ఎందుకు అడుగుతారు

మేనేజ్డ్ కేర్ నియమాలు అవసరాల అంచనా ఫలితాలని మిగతావాళ్లతో పంచుకోమంటాయి, అదే పని మళ్లీ చేయకుండా. ఆచరణలో అడ్డుపడేది రికార్డుల గోప్యత. హాస్పిటల్ కాగితాలు వైద్య రికార్డుల గోప్యతకి ఉన్న హిపా చట్టం కింద ఉంటాయి. ఎర్లీ ఇంటర్వెన్షన్ కాగితాలు విద్యా రికార్డుల గోప్యత చట్టాల కింద ఉంటాయి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి, అది కూడా ఎవరికి, ఏ కాగితం, ఎందుకు అని రాసి.

ఫలితం పసిపిల్లల ఎదుగుదల ప్రశ్నావళి దగ్గర కనిపిస్తుంది. 9, 18, 30 నెలల వయసుల్లో పిల్లల డాక్టర్లు ఈ స్క్రీనింగ్ చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. అదే ప్రశ్నావళిని కౌంటీ నర్సూ నింపమంటుంది, సీడీఎస్‌ఏ వాళ్లూ అడుగుతారు. మూడోసారి నింపే తల్లి విసుగుతో మొదటిసారి రాసిన జవాబులే గుర్తు తెచ్చుకుని రాస్తుంది.

తెలుగు ఇళ్లలో ఇంకో తప్పు జరుగుతుంది. "పాపకి ఎన్ని మాటలు వచ్చు" అన్న గడిలో తల్లి ఇంగ్లిష్ మాటలే రాస్తుంది. "పాలు", "అత్త", "వద్దు", "బువ్వ" లెక్కలోకి రావు. రెండు భాషల్లో పెరిగే బిడ్డకి రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. ఒక కోఆర్డినేటర్ ఈ సంగతి గమనించి సరిచేసినా, ఆ సవరణ మిగతా నలుగురి ఫైళ్లలోకి తనంతట తాను వెళ్లదు.

ప్రతి ఫారంలోనూ ఒక గడి ఉంటుంది: మీ కుటుంబానికి ఇంకెవరు సాయం చేస్తున్నారు? చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఇంకొకరి పేరు రాస్తే వీళ్లు మానేస్తారేమో అని భయం. అత్తగారు వచ్చి ఉన్నారని రాయాలా అని సందేహం. బిల్లింగ్ వైపు నుంచి చూస్తే ఆ ఒక్క గడి చాలా విలువైనది. అది నిండి ఉంటే మంగళవారం నాటి రెండు ఫోన్లు జరిగేవి కావు.

మూడేళ్లు నిండిన రోజు ఏమవుతుంది

నార్త్ కరోలైనాలో మూడో పుట్టినరోజుతో పార్ట్ సి ఆగిపోతుంది. ఆ తర్వాత పాప స్కూల్ డిస్ట్రిక్ట్ చేతిలోకి వెళుతుంది, ఐఎఫ్‌ఎస్‌పీ స్థానంలో ఐఈపీ అనే స్కూలు ప్రణాళిక వస్తుంది. అర్హత ఉంటే ఐఈపీ పుట్టినరోజు నాటికి సిద్ధంగా ఉండాలి. అందుకోసం కనీసం 90 రోజుల ముందు, తొమ్మిది నెలల ముందు వరకూ ఎప్పుడైనా, స్కూలువాళ్లనీ కుటుంబాన్నీ కలిపి ట్రాన్సిషన్ సమావేశం పెట్టాలి.

ఐఈపీలో సర్వీస్ కోఆర్డినేటర్ లాంటి మనిషి ఉండరు. స్కూల్లో కేస్ మేనేజర్ అని పిలిచే టీచర్ ఉండవచ్చు కానీ ఆ టీచర్ పని స్కూలు సేవల వరకే. హాస్పిటల్‌తో, పరికరాల కంపెనీతో, ఇన్సూరెన్స్‌తో మాట్లాడటం ఆ పనిలో లేదు. అంటే నిన్నటి వరకూ "ఎక్కువమంది ఉన్నారు" అన్న సమస్య ఒక్క రోజులో "ఎవరూ లేరు" అన్న సమస్యగా మారగలదు. మన ఉదాహరణలోని పాపకి క్యాప్-సి కేస్ మేనేజర్ మిగులుతుంది. ఎదుగుదల ఆలస్యం మాత్రమే ఉండి, క్యాప్-సి అర్హత లేని బిడ్డకి ఆ ఆసరా కూడా ఉండదు. అర్హత ఉంటే అయిదేళ్ల వరకూ సీఎంఏఆర్‌సీ దొరకవచ్చు, కానీ ఏడాది క్రితం "ఇప్పటికే సీడీఎస్‌ఏ ఉంది కదా" అని దాన్ని ఆపించుకుని ఉంటే మళ్లీ రిఫరల్ నుంచి మొదలుపెట్టాలి.

అందుకే ట్రాన్సిషన్ సమావేశానికి క్యాప్-సి, సీఎంఏఆర్‌సీ, ప్లాన్ కేర్ మేనేజర్లలో ఎవరున్నా వాళ్లని పిలవడం అంత ముఖ్యం. ఆ రోజు ముగ్గురు ఒకే గదిలో కూర్చుంటే సోమవారం నాటి ప్రశ్న మళ్లీ వస్తుంది, ఎవరు బిల్లు వేయాలని. ఇక్కడ జవాబు తేలిగ్గానే ఉంటుంది: సీడీఎస్‌ఏ కోఆర్డినేటర్ నోట్‌లో అప్పగించిన పనులు ఉంటాయి, అందుకునేవాళ్ల నోట్‌లో తాము ఏ తేదీ నుంచి ఏ పని తీసుకున్నారో ఉంటుంది. ట్యూబుల ఆర్డర్ ఎవరిది, స్పీచ్ థెరపీ స్కూలుకి మారేవరకూ మధ్యలో ఎవరు కడతారు, వేసవి సెలవుల్లో పుట్టినరోజు వస్తే సేవలు ఆగస్టు దాకా ఆగుతాయా అన్నవి పేర్లతో సహా అందులో రాసి ఉంటే, రెండు క్లెయిములూ రెండు వేర్వేరు పనులకే అని ఎవరు చూసినా తెలుస్తుంది.